పై చెరువు మత్తడి దుంకింది, మా చెరువుకు చుక్క రాలేదు. నడుమ కాలువ ఏమైంది?

కట్టకింద_రైతు · ఆగస్టు 3, రాత్రి 9:12

అందరికీ నమస్తే. మాది పరకాల అవతల చిన్న ఊరు. పేరు రాయను, చదివితే ఎందుకో తెలుస్తుంది. మా చెరువు రికార్డులో నూరెకరాలు. పైన ఇంకో ఊరి చెరువు, మా కింద రెండు కుంటలు. గొలుసుకట్టు, అంటే ఒకటి నిండితే నీళ్లు దాని కిందిదానికి పోతాయి. మా నాయన చిన్నప్పటి నుంచీ లెక్క ఒక్కటే: పై చెరువు నిండి మత్తడి (నీళ్లు పొర్లిపోయే గోడ) పడితే మూడో రోజుకల్లా మా తూము మునగాలి.

మొన్నటి ముసురుకు పై చెరువు మత్తడి దుంకింది. ఆ ఊరి పిల్లలు సెల్ఫీలు దిగి స్టేటస్‌లు పెట్టుకున్నారు. మా చెరువులో చూస్తే తూము కాడ మోకాలు లోతు. నీళ్లు ఎటు పోతున్నాయో చూద్దామని పై మత్తడి నుంచి కాలువ వెంట నడిచాను. సగం దాకా కాలువ ఉంది. సర్కారు తుమ్మ మొలిచి మనిషి దూరనంత గుబురుగా ఉంది గానీ నీళ్లయితే పారుతున్నాయి. తారు రోడ్డు దాటాక మాత్రం కాలువే లేదు. ఉండాల్సిన చోట మొరం పోసి చదును చేశారు. వరసగా సున్నం కొట్టిన హద్దురాళ్లు. అడుగున రెండడుగుల సిమెంటు పైపు ఒకటి వేశారు. దాని మూతికి పత్తికట్టె, ప్లాస్టిక్ సంచులు, ఒక పాత చెప్పు అడ్డం పడి ఉన్నాయి. నీళ్లు వెనక్కి తన్ని, పక్క పత్తిచేను ముంచి, రోడ్డు పక్క గుంట పట్టుకుని వేరే ఒర్రెలో కలుస్తున్నాయి.

పంచాయతీలో అడిగితే ఇరిగేషన్ వాళ్ల పని అన్నారు. అక్కడికి పోతే రెవెన్యూ సర్వే చేసి ఇవ్వాలన్నారు. రెవెన్యూలో అడిగితే పంచాయతీ నుంచి కాగితం తెమ్మన్నారు. ఊళ్లో పెద్దమనుషులేమో 'ప్లాట్లు కొన్నది మనోళ్లే, ఎందుకు గొడవ' అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసినవాళ్లు చెప్పండి.

నయీంనగర్_గల్లీ · ఆగస్టు 3, రాత్రి 9:40

నీళ్లకు అడ్రస్ మార్చారన్నమాట.

అన్నా, హన్మకొండలో మాకు ఇది 2020 ఆగస్టులోనే అనుభవమైంది. నాలాలు సన్నబడితే ఏమవుతుందో నగరమంతా చూసింది. కాలనీలకు కాలనీలు నీళ్లలో ఉన్నాయి. వరంగల్‌కు చెరువుల ఊరని పేరు. ఒక చెరువు నీళ్లు ఇంకో చెరువులోకి పోయే దారుల మీదనే మనం ఇళ్లు కట్టుకున్నాం. నీ దగ్గర ఇప్పుడు పత్తిచేను మునిగింది. ప్లాట్లలో ఇళ్లు లేచాక మునిగేది అవే. ఆ కొన్నవాళ్లకు ముందు ఈ మాట చెప్పు.

రిటైర్డ్_ఏఈ · ఆగస్టు 4, ఉదయం 6:05

నేను మైనర్ ఇరిగేషన్‌లో పనిచేసి రిటైర్ అయ్యాను. తమ్మీ, మూడు ఆఫీసుల చుట్టూ తిరిగే ముందు ఒక్క కాగితం సంపాదించు. మిషన్ కాకతీయలో మీ చెరువు ఏ విడతలో అయిందో కనుక్కో. 2015 మార్చిలో మొదలైన ఆ చెరువుల మరమ్మతు కార్యక్రమం కింద రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులు, కుంటలను లెక్కలోకి తీసుకున్నారు. విడతల వారీగా ఎస్టిమేట్లు వేశారు. ఆ ఎస్టిమేట్లలో కట్ట, తూము, మత్తడి, పూడికతో పాటు ఫీడర్ చానల్ (చెరువుకు నీళ్లు తెచ్చే కాలువ) పని కూడా చాలాచోట్ల రాశాం. పొడవెంత, అడుగు వెడల్పెంత, ఎంత మట్టి తీయాలి అన్నీ ఉంటాయి. పని చేశాక కొలతలు ఎం-బుక్‌లో (కొలతల పుస్తకంలో) ఎక్కుతాయి. సమాచార హక్కు కింద ఆ రెండింటి నకళ్లు అడుగు. 'ఇక్కడ కాలువ ఉండేది' అని నువ్వు నోటితో చెబితే వాదన. అదే కాలువలో పూడిక తీసి సర్కారే బిల్లు కట్టిందంటే ఇక వాదన లేదు.

రెండోది, ఇది చాలామంది చూడరు. మీ చెరువు మత్తడి దగ్గరికి పోయి గోడ పైభాగం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూడు. ఎక్కడైనా గడ్డపారతో కొట్టినట్టు గంటు ఉందా? రాళ్లు ఊడబీకిన జాడ ఉందా? ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవెల్) అంటే ఏదో ఆఫీసులో గీసిన గీత అనుకుంటారు. అది మత్తడి గోడ ఎత్తును బట్టి వచ్చే నీటి అంచు. గోడ తగ్గితే చెరువు తగ్గుతుంది. మన చెరువుల్లో శిఖం (నిండితే నీళ్లు పరుచుకునే నేల) వైపు వాలు చాలా తక్కువ. రెండు వందల అడుగులకు ఒక్క అడుగు వాలు ఉన్నచోట, మత్తడి అరడుగు తగ్గితే నీళ్లు నూరడుగులు వెనక్కి పోతాయి. నీటి అంచు పొడవునా అలా తేలిన జాగా ఎన్ని ఎకరాలవుతుందో లెక్క వేసుకో. రాత్రికి రాత్రి ఇద్దరు మనుషులు చేయగల పని అది.

కట్టకింద_రైతు · ఆగస్టు 4, సాయంత్రం 7:31

సార్, మీరు చెప్పినట్టే పోయి చూశాను. మత్తడి కుడి చివరన గంటు ఉంది. బెత్తెడు లోతు, ఎడ్లబండి పట్టేంత వెడల్పు. అంచుల్లో సున్నం ఇంకా తెల్లగా ఉంది, మిగతా గోడంతా నాచుపట్టి నల్లగా ఉంది. అంటే పాతది కాదు. ఎవరిని అడిగినా 'వరదకు పోయుంటది' అంటున్నారు. ఈసారి చెరువే నిండలేదు, వరద ఎక్కడిది?

సర్వేగొలుసు · ఆగస్టు 4, రాత్రి 10:18

ఫొటోలు తేదీ పడేలా తీసి పెట్టుకో అన్నా. మనిషి పక్కన నిలబడితే ఎత్తు తెలుస్తుంది.

కాగితాల సంగతి చెబుతా. నేను పహాణీలు (భూమి రికార్డులు) తిరగేసి బతికేవాణ్ని. ముందు ఊరి నక్ష (పటం) తీసుకో. వాగులు, కాలువలు అందులో కనపడతాయి. తర్వాత పాత రికార్డులు: సేత్వార్ (మొదటి సర్వే నాటి భూమి రిజిస్టరు), 1954-55 ఖాస్రా పహాణీ. చెరువు, కాలువ ఏ సర్వే నంబర్లలో ఉన్నాయి, ఎన్ని ఎకరాల గుంటలు, సర్కారీ అని ఉందా, ఖారిజ్ ఖాతా (ఎవరి పట్టాలోనూ లేనిది) అని ఉందా చూడు. ఆ తర్వాత ఇప్పటి రికార్డు పక్కన పెట్టు. ఎక్కడ తేడా వస్తే అక్కడ వేలు పెట్టాలి. అప్పుడు తహసీల్దారుకు పెట్టే దరఖాస్తులో 'చెరువు కబ్జా అయింది' అని కాకుండా 'ఫలానా సర్వే నంబరులోని కాలువకు జాయింట్ సర్వే చేసి హద్దులు పెట్టండి' అని రాయొచ్చు. మొదటిదానికి 'పరిశీలిస్తాం' అని జవాబు వస్తుంది. రెండోదానికి సర్వేయర్ రావాలి.

ఆ ప్లాట్లు లేఅవుట్ అనుమతి ఉన్నవా, గుంటల లెక్కన అమ్మినవా? గుంటల్లో అమ్మితే వ్యవసాయ భూమి కింద రిజిస్ట్రేషన్ చేసి ఉంటారు. మీ ఊరు కుడా (కాకతీయ అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ) పరిధిలో ఉందో లేదో కూడా చూడు. బిల్డింగ్ రూల్స్, అంటే 2012 నాటి జీవో 168 ప్రకారం పది హెక్టార్లకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు వదలాలి. కాలువలకూ లెక్కుంది. పది మీటర్లకు మించిన వెడల్పు ఉంటే 9 మీటర్లు, లేకపోతే 2 మీటర్లు. మీది నూరెకరాలు కాబట్టి చెరువు వైపు 30 మీటర్లు. కోర్టు మాట కావాలంటే సుప్రీంకోర్టు 2001లో హించ్ లాల్ తివారీ కేసులో చెరువులు, కుంటల భూములను కాపాడాలంది. 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించే పద్ధతి పెట్టుకోమని రాష్ట్రాలకు చెప్పింది. దరఖాస్తు చివర ఈ రెండూ ఒక్క వాక్యంలో రాస్తే చాలు, పేజీలు నింపొద్దు.

శిఖంపట్టా · ఆగస్టు 5, ఉదయం 8:50

ఒక వైపే మాట్లాడుతున్నారు. మాది జమ్మికుంట దగ్గర. మా తాత కాలం నుంచి చెరువు శిఖంలో పట్టా ఉంది. కాగితం ఉంది, శిస్తు కట్టాం. ఇప్పుడు చెరువు అనగానే మమ్మల్నందరినీ కబ్జాదారులంటారు. పేపరోళ్లు ఫొటో తీస్తే అందులో మా వరి మడే ఉంటుంది. అసలు కబ్జా చేసి అమ్ముకున్నవాడు ఎక్కడో పట్నంలో ఉంటాడు.

ఇంకోటి. మత్తడికి గంటు కొట్టినవాళ్ల గురించి రాశారు, బాగానే ఉంది. మత్తడి మీద ఇసుక బస్తాలు పేర్చి రెండడుగులు ఎత్తు పెంచేది ఎవరు? కట్ట కింది రైతులు కాదా? ఆ రెండడుగులకు పైన మా పొలాలే మునుగుతాయి. అప్పుడు ఏ ఆఫీసర్ రాడు.

రిటైర్డ్_ఏఈ · ఆగస్టు 5, ఉదయం 9:35

మీరన్న బస్తాల మాట నూటికి నూరుపాళ్లు నిజం. నా సర్వీసులో గంటు కొట్టిన కేసుల కన్నా బస్తాలు పెట్టిన కేసులే ఎక్కువ చూశాను. అదీ తప్పే, ప్రమాదం కూడా. మత్తడి ఎత్తు పెంచితే కట్ట మీద నీళ్లు ఎక్కుతాయి. మట్టి కట్ట మీదుగా నీళ్లు పొర్లాయంటే గండి పడటానికి గంట చాలు.

శిఖం పట్టా మాత్రం మామూలు పట్టా కాదు. నీళ్లు వెనక్కి పోయాక తేలిన నేలలో సాగు చేసుకునే హక్కు అది. నీళ్లు రాకుండా ఆపే హక్కు, మట్టి పోసి ఎత్తు చేసే హక్కు, ప్లాట్లు చేసి అమ్మే హక్కు అందులో లేవు. మీరు వరి పెట్టుకుంటున్నారు కాబట్టి మీతో పేచీ లేదు.

శిఖంపట్టా · ఆగస్టు 5, ఉదయం 9:52

పంట చేతికొచ్చే ముందు చెరువు నిండితే నష్టం ఎవరిస్తారో అది కూడా చెప్పండి సార్.

రిటైర్డ్_ఏఈ · ఆగస్టు 5, ఉదయం 10:10

ఎవరూ ఇవ్వరు. అందుకే శిఖంలో వానాకాలం పంట పెట్టొద్దు, యాసంగికి నీళ్లు దిగినచోట పెట్టుకోండి అంటాం.

వలగంప · ఆగస్టు 5, మధ్యాహ్నం 1:20

రైతులు రైతులే మాట్లాడుకుంటున్నారు. మేము కూడా చెరువు మీదే బతుకుతాం అన్నా. మాది మత్స్య సహకార సంఘం, ములుగు వైపు. 2016 నుంచి సర్కారు చేపపిల్లలు ఉచితంగా వదులుతోంది. వదిలితే సరా, పెరగడానికి నీళ్లుండాలి కదా. రైతులు ఆఖరి తడికని తూము అడుగు మట్టం దాకా తీసేస్తారు. ఆపైన మోటార్లు పెట్టి మిగతాది కూడా తోడతారు. అర కిలో కాకముందే చేపలు పట్టి అగ్గువకు అమ్ముకోవాల్సి వస్తుంది.

మా వాళ్లలోనూ కొందరున్నారు, చేపలు పట్టడం సులువని రాత్రిపూట తూము ఎత్తేవాళ్లు. అది కూడా ఆపాలి. వెనకట నీరటి ఉండేవాడు. తూము తీయాలన్నా వేయాలన్నా అతని చేతుల్లోనే. ఏ మడికి ఎంత తడి అన్నది అతనికి నోటికి వచ్చేది. పంట ఇంటికొచ్చాక కల్లం దగ్గర అతని వాటా గింజలు అతనికి కొలిచేవారు. ఇప్పుడు తూము షట్టర్ హ్యాండిల్ ఎవరింట్లో ఉందో ఊళ్లో సగం మందికి తెలియదు.

చికెన్ సెంటర్ల చెత్త గురించి ఇంకెప్పుడైనా రాస్తా. తెల్లారేసరికి కట్ట మీద సంచులుంటాయి.

బోరుబండి_బాధితుడు · ఆగస్టు 5, సాయంత్రం 6:44

జనగామ వైపు నుంచి. ఇదంతా చదివితే ఒక డౌటు. కరెంటు 24 గంటలు ఉచితంగా వస్తోంది, 2018 జనవరి నుంచి. ఊరంతా బోర్లే. చెరువు నీళ్లతో పారించేవాడు ఎవడున్నాడు ఇప్పుడు? చెరువు మీద అలిగినట్టు అందరం బోర్ల వెనక పడ్డాం, ఒప్పుకుంటా. కానీ నిజంగా చెరువు నిండితే బోరుకు లాభం ఉందా, లేక మన తృప్తికి అనుకుంటున్నామా? మా దగ్గర ఒకాయన ఎనిమిది వందల ఫీట్లు వేయించాడు. దుమ్ము తప్ప ఏం రాలేదు.

రాయికింద_నీళ్లు · ఆగస్టు 5, రాత్రి 11:03

కాకతీయ యూనివర్సిటీలో జియాలజీ చదివాను, అందుకే ఆగలేకపోతున్నా.

మన కింద ఉన్నది గ్రానైట్. గట్టి రాయిలో నీళ్లు నిలవవు. పైన కొన్ని మీటర్ల మందాన చివికిన రాయి ఉంటుంది, మొరంలాగా. దాని కింద పగుళ్లు ఉంటాయి. నీళ్లున్నవి ఆ రెండింట్లోనే. లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తగ్గుతాయి, ఉన్నవి కూడా బిగుసుకుంటాయి. అందుకే మన దగ్గర ఎనిమిది వందల ఫీట్లు వేసినా దుమ్మే వచ్చే అవకాశం ఎక్కువ. ఆ పైసలు చెరువు కాలువకు పెడితే... సరే, ఆ మాట వద్దు, బాధలో ఉన్నారు.

చెరువు నుంచి ఎంత ఇంకుతుందో లెక్క ఉంది. భూగర్భ జలాల అంచనా పద్ధతిలో, చెరువులో నీళ్లున్నన్ని రోజులు, సగటున నీరు పరుచుకున్న మేర రోజుకు 1.4 మిల్లీమీటర్లు కిందికి ఇంకుతాయని తీసుకుంటారు. వినడానికి ఏమీ కాదు. కట్టకింద అన్న చెరువు నూరెకరాలు. సగటున అరవై ఎకరాల్లో నీళ్లున్నాయనుకుందాం. రోజుకు సుమారు 3.4 లక్షల లీటర్లు. నాలుగు నెలలు ఉంటే 4 కోట్ల లీటర్లు. ఇదంతా కరెంటు ఖర్చు లేకుండా చుట్టూ ఉన్న బావులకు, బోర్లకు పోతుంది. వాన నేరుగా పొలంలో పడితే మన రాతినేలల్లో సుమారు పదోవంతే కిందికి దిగుతుంది. మిగతాది పారిపోతుంది, లేదా ఆవిరవుతుంది. ఆ పారిపోయేదాన్ని పట్టి నిలబెట్టేదే చెరువు.

బోర్లు వద్దని నేను అనను. ఆటో స్టార్టర్లు తీసేయమని అంటా. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు మోటారు దానంతటదే నడిచి, మడి నిండి ఒర్రెలో పారుతున్నా ఎవరికీ పట్టదు. వరికి కూడా ఎప్పుడూ నీళ్లు నిలబెట్టాల్సిన పని లేదు. చిల్లులు పెట్టిన పైపు ముక్క మడిలో పాతి, నీటి మట్టం నేల కిందికి 15 సెంటీమీటర్లు దిగాక మళ్లీ తడి పెట్టొచ్చు. పూత దశలో మాత్రం నీళ్లు ఉంచాలి.

బోరుబండి_బాధితుడు · ఆగస్టు 5, రాత్రి 11:30

బాధలో లేను తమ్మీ, అప్పుల్లో ఉన్నా. లెక్క బాగుంది. ఆటో స్టార్టర్ తీసేయమని మా ఊళ్లో చెబితే పక్క రైతు తీయడు, నేను తీస్తే నా బోరు నీళ్లు కూడా అతనే లాగుతాడు. ఊరంతా ఒక్కరోజు తీస్తేనే తీసినట్టు.

పరకాల_యూత్ · ఆగస్టు 6, ఉదయం 7:15

అందరం కలిసి జేసీబీలు పెట్టి పూడిక తీసేద్దాం అన్నా. చందాలు వేస్తాం. నీళ్లు అవే ఆగుతాయి.

రిటైర్డ్_ఏఈ · ఆగస్టు 6, ఉదయం 7:48

ఉత్సాహం మంచిదే. ఒక లెక్క చూడండి. నూరెకరాల చెరువులో ఒక్క అడుగు పూడిక తీయాలంటే 43.5 లక్షల ఘనపుటడుగుల మట్టి. ట్రాక్టర్ ట్రాలీకి నూరడుగులు పడుతుందనుకుంటే 43 వేల ట్రిప్పులు. దానివల్ల పెరిగే నిల్వ సుమారు 12 కోట్ల లీటర్లు. మంచిదే, కానీ కాలువ మూసుకుపోయిన చెరువుకు ఆ 12 కోట్లు ఎక్కడి నుంచి వస్తాయి? ముందు దారి, తర్వాత గిన్నె.

తీసినా పద్ధతి ఉంది. కట్ట అడుగు నుంచి బాగా దూరం వదలాలి, లేకపోతే కట్ట జారుతుంది. నల్లటి ఒండ్రు వరకే తీయాలి, కింద మొరం తేలితే ఆపాలి. ఇటుక బట్టీలవాళ్లు, రోడ్డు కాంట్రాక్టర్లు 'మేము ఉచితంగా తీస్తాం' అని వస్తే జాగ్రత్త. వాళ్లకు కావాల్సింది పూడిక కాదు, మొరం. ఒక మూల బావిలా తవ్విపోతారు. పశువులు, పిల్లలు పడేది అందులోనే.

తీసిన ఒండ్రును చెల్క పొలాలకు తోలుకోండి. ఎర్రచెల్కలో అది వేస్తే తడి ఎక్కువ రోజులు ఆగుతుంది. రేగడికి పెద్దగా అక్కర లేదు.

షార్జా_నుంచి · ఆగస్టు 6, ఉదయం 7:55

ఇక్కడ డ్యూటీ అయిపోయి చదువుతున్నా. కట్టకింద అన్నా, నువ్వు రాసిన ఆ జాగా ఏదో నాకు అర్థమైంది. అందులో నాకు రెండు ప్లాట్లున్నాయి. కొన్నప్పుడు ఎండాకాలం. కాలువ అని ఎవరూ చెప్పలేదు, అక్కడ చదునైన మొరం తప్ప ఏం లేదు. పన్నెండేళ్ల కష్టం పెట్టాను. ఇప్పుడు మీరంతా కలిసి జేసీబీ తెస్తే నా ఇంటివాళ్లు అడ్డం పడుకుంటారు. నేనైనా అదే చేస్తా.

నయీంనగర్_గల్లీ · ఆగస్టు 6, ఉదయం 8:02

అమ్మినవాడి దగ్గరికి పోయి పడుకోవాలి గానీ కాలువకు అడ్డం ఎందుకన్నా.

మోడరేటర్ · ఆగస్టు 6, ఉదయం 8:30

ఒకరు వెంచర్ పేరు, ఫోన్ నంబరు రాశారు, తీసేశాం. పేర్లు వద్దు. షార్జా అన్నను వెటకారం చేయొద్దు, ఆయన వచ్చి చెప్పడమే గొప్ప.

సర్వేగొలుసు · ఆగస్టు 6, ఉదయం 9:14

షార్జా అన్నా, మీ కోపం న్యాయమే. మీ దస్తావేజులో సర్వే నంబరు, నాలుగు హద్దులు చూసుకోండి. హద్దుల్లో ఎక్కడైనా 'కాలువ' అనో 'ఒర్రె' అనో ఉందా? ఉంటే అమ్మినవాడికి తెలిసే అమ్మాడు. ఆస్తిపై తకరారు వస్తే అమ్మినవాడిదే బాధ్యత అన్న మాట చాలా దస్తావేజుల్లో ఉంటుంది. వకీలుతో నోటీసు ఇప్పించండి. ఎల్ఆర్ఎస్‌లో (లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకంలో) పైసలు కడితే అయిపోతుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. చెరువు, నాలా, శిఖం జాగాలను క్రమబద్ధం చేయరు. ఎలాగూ అక్కడ ఇల్లు మాత్రం మొదలుపెట్టొద్దు. ప్లాటు పోతే ప్లాటు పైసలే పోతాయి.

రిటైర్డ్_ఏఈ · ఆగస్టు 6, ఉదయం 9:40

ఇంకో దారి కూడా ఉండొచ్చు. జాగా అంతా కాలువ కాదు. జాయింట్ సర్వేలో కాలువ పట్టీ ఎంతో తేలితే మిగతా ప్లాట్లకు ఇబ్బంది ఉండకపోవచ్చు. ఇప్పుడున్న రెండడుగుల పైపు మాత్రం లెక్కకు రాదు. దాని నోరు 3 చదరపు అడుగులు. పదడుగుల వెడల్పు, మూడడుగుల లోతు కాలువంటే 30 చదరపు అడుగులు. పదో వంతు నీళ్లు పోయే దారి పెట్టి 'కాలువ వదిలాం కదా' అంటున్నారు. రోడ్డు కింద బాక్స్ కల్వర్టు అడగండి, పైపులు వద్దు. పైపులో చెత్త ఇరుక్కుంటే చేయి కూడా పోదు.

గణపురం_గట్టు · ఆగస్టు 6, మధ్యాహ్నం 12:25

భూపాలపల్లి జిల్లా నుంచి. 2023 జూలై మర్చిపోయారా? ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో దాదాపు 650 మిల్లీమీటర్ల వాన. 27వ తేదీ తెల్లారేసరికి మోరంచవాగు మోరంచపల్లి మీద పడింది, జనం ఇళ్లపైకి ఎక్కి కూర్చున్నారు. హన్మకొండలో భద్రకాళి చెరువు కట్టకు కూడా ఆ వానలకే గండి పడింది. నీళ్లు రాలేదని ఒక ఊరు ఏడుస్తుంటే నీళ్లు ముంచాయని ఇంకో ఊరు ఏడుస్తుంది. మీ కాలువ తెరిచేటప్పుడు మీ కట్ట, తూము కూడా చూసుకోండి. చాలా ఏళ్లు నిండని చెరువు కట్టలో ఎలుక బొక్కలు, చెట్ల వేర్లు ఉంటాయి. ఒక్కసారి నీళ్లొస్తే అవే గండ్లవుతాయి.

పాకాల_అక్క · ఆగస్టు 6, సాయంత్రం 5:10

నర్సంపేట నుంచి. అందరూ నీళ్లు ఎంత అని మాట్లాడుతున్నారు, ఎలాంటి నీళ్లు అని ఎవరూ అడగలేదు.

సీసీ రోడ్లు వేసినప్పుడు ప్రతి ఊళ్లో సైడు కాలువలు కట్టారు. వాటి చివర ఎక్కడుందో పోయి చూడండి. మా ఊళ్లో చెరువులో ఉంది. బట్టల సబ్బు, పశువుల పెండ, బాత్రూం నీళ్లు అన్నీ. గుర్రపు డెక్క ఊరికే పెరగదు, దానికి తిండి మనమే పెడుతున్నాం. ఏటా దాన్ని తీయించడానికి పైసలు పెడతారు. కాలువ చివర గుంత తవ్వి, రాళ్లు, కంకర వేసి, అవతల తుంగ, గడ్డి పెంచి ఆ నీళ్లను వడకట్టి వదులుదాం అంటే మాత్రం బడ్జెట్ లేదంటారు. ఉపాధి హామీలో ఇంకుడు గుంతలకు పని పెట్టొచ్చు. ఇంటి దగ్గరే సగం ఇంకితే చెరువుకు వచ్చేది సగమే.

జల్ జీవన్ మిషన్‌లో ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్ష నేర్పాలని ఉంది. నేను నేర్చుకున్నా. కిట్‌లో రంగును బట్టి ఫ్లోరైడ్, నైట్రేట్ తెలుస్తాయి. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దు, నైట్రేట్ 45 దాటొద్దు. ఇంకో చిన్న సీసా ఉంటుంది, అందులో నీళ్లు పోసి పెడితే మలం కలిసిన నీళ్లయితే నల్లబడుతుంది. చెరువు పక్కన చేదబావి నీళ్లు పోసి పెట్టాను, తెల్లారేసరికి తారులా అయింది. ఆ బావి దగ్గర బిందెలు కడుక్కునే వాళ్లను పిలిచి సీసా చూపించా. నేను ఎన్ని మీటింగుల్లో చెప్పినా విననివాళ్లు ఆ సీసా చూసి ముక్కు మూసుకున్నారు. కట్టకింద తమ్ముడూ, మీ ఊళ్లో కిట్ ఎవరి దగ్గరుందో కార్యదర్శిని అడుగు. బీరువాలో సీలు కూడా విప్పకుండా ఉంటుంది.

తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు కొత్త బోరు అనుమతి లేకుండా వేయొద్దని వాల్టా (నీరు, భూమి, చెట్ల రక్షణ) చట్టం 2002 నుంచీ ఉంది. అది కూడా ఎవరూ అడగరు.

పాకాల చెరువు పక్కనే పుట్టి పెరిగా కాబట్టి ఒక్క మాట. గణపతిదేవుడి కాలంలో, 1213లో కట్టిందంటారు. ఇన్నేళ్లు నిలబడిందంటే కట్ట గట్టితనం ఒక్కటే కాదు. నీళ్లు వచ్చే వైపంతా ఇంకా అడవి ఉంది. ఆ అడవిలో ఎవరూ ప్లాట్లు గీయలేదు.

వలగంప · ఆగస్టు 6, సాయంత్రం 5:45

అక్కా, ఆ సీసా సంగతి మా సంఘం మీటింగులో చెబుతా. చికెన్ సంచులు వేసేవాళ్లకు కూడా చూపించాలి.

కట్టకింద_రైతు · ఆగస్టు 24, రాత్రి 8:20

ఆలస్యమైంది, మన్నించాలి. సమాచార హక్కు దరఖాస్తుకు జవాబు ఇంకా రాలేదు గానీ, ఏఈ సార్ చెప్పిన ఎస్టిమేట్ నకలు మా పాత నీటి సంఘం పెద్దమనిషి ట్రంకుపెట్టెలో దొరికింది. ఫీడర్ చానల్ పూడికతీత అని స్పష్టంగా ఉంది, అడుగు వెడల్పు మూడు మీటర్లు. అది పట్టుకుని ఊళ్లోవాళ్లం పదిమందిమి సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి పోయాం. సర్వేగొలుసు అన్న చెప్పినట్టే ఒక పేజీ రాశాం. జాయింట్ సర్వేకు తేదీ ఇచ్చారు, వచ్చే గురువారం. మత్తడి గంటుకు మాత్రం తాత్కాలికంగా కాంక్రీటు పోశారు. పాత గోడ ఎత్తుకు రెండు వేళ్లు తక్కువగా ఉంది, అది కూడా రాసిపెట్టాం.

పైపు మూతి దగ్గర చెత్త తీయడానికి యూత్ పిల్లలు వచ్చారు. ఇప్పుడు సన్నగా నీళ్లొస్తున్నాయి. తూము కాడ నడుము లోతుకు చేరింది. ఈ వానాకాలానికి నిండదు, అది తెలిసిపోయింది.

ఊళ్లో రెండు ముక్కలయ్యారు. ప్లాట్లు కొన్నవాళ్లలో మా మేనమామ కూడా ఉన్నాడు. పెళ్లికి పిలవలేదు.

షార్జా_నుంచి · ఆగస్టు 24, రాత్రి 11:48

దస్తావేజు చూపించా. పడమర హద్దు 'ఒర్రె' అని ఉంది. నాకు చదివి వినిపించినవాడు అది మింగేశాడు. వకీలుకు నా ఇద్దరు దోస్తులవి కూడా కలిపి ఇచ్చాం. సర్వే రోజు మా తమ్ముడిని పంపుతున్నా. గొడవకు కాదు. రాయి ఎక్కడ పాతుతారో ఫొటో తీసి పంపాలి నాకు.

సర్వేగొలుసు · ఆగస్టు 25, ఉదయం 6:55

గురువారం నాడు పంచనామా రాస్తారు. చదివిన తర్వాతే సంతకం పెట్టండి, ఖాళీ కాగితం మీద ఒక్కరు కూడా పెట్టొద్దు. పై ఊరి నుంచి కూడా ఇద్దరిని పిలవండి. వాళ్ల మత్తడి నీళ్లు ఎటు పోయేవో వాళ్ల ముసలోళ్లకే బాగా తెలుసు. కొలత మొదలుపెట్టే రాయి ఏదో అడిగి రాయించుకోండి. సగం తకరార్లు అక్కడే ఉంటాయి.

శిఖంపట్టా · ఆగస్టు 25, ఉదయం 7:20

ఏ ఊరో నాకు పర్సనల్‌గా మెసేజ్ పెట్టు తమ్మీ. గురువారం నేనూ వస్తా. శిఖం వైపు ఎఫ్‌టీఎల్ ఎలా కొలుస్తారో కళ్లారా చూడాలి, రేపు మా చెరువుకు వచ్చినప్పుడు నాకు తెలిసుండాలి. బస్తాల సంగతి కూడా ఆ ఏఈని అక్కడే అడుగుతా.